పాత కారు కొనేటప్పుడు డీజిలా, పెట్రోలా? ఊపిరిని కూడా లెక్కలో వేయండి

ఆసుపత్రి వారికి కారు బేరాలతో ఏం పని అని మీలో కొందరు అనుకోవచ్చు. పని ఉంది. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు రావలసిన తండ్రి, మోకాలి ఆపరేషన్ అయి ఆటో ఎక్కలేని తల్లి, నెలలు నిండుతున్న కోడలు ఉన్న ఇళ్లలో కారు విలాసం కాదు, అవసరం. స్కూటరు మీద రోజూ పక్క మండలానికి పోయి వచ్చే ఉపాధ్యాయులు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు కూడా నడుము నొప్పి మొదలయ్యాక ఒక చిన్న కారు గురించి ఆలోచిస్తారు. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు గనుక మూడు నాలుగు లక్షల్లో సెకండ్ హ్యాండ్ కారు చూస్తారు. మందుల చీటీ చేతిలో పట్టుకుని మమ్మల్నే అడిగే వారున్నారు: "డీజిలు తీసుకోమంటారా, పెట్రోలు తీసుకోమంటారా?"

మా అభిప్రాయం ముందుగానే చెబుతాము. రోజుకు ఇరవై, ముప్పై కిలోమీటర్లు ఊళ్లోనే తిరిగే కుటుంబానికి పాత డీజిలు కారు వద్దు, పెట్రోలు కారే తగినది. ఇంట్లో ఉబ్బసం ఉన్న బిడ్డో, గుండె జబ్బు ఉన్న పెద్దవారో ఉంటే ఈ మాట ఇంకా గట్టిగా చెబుతాము. రోజూ దూర ప్రయాణం చేసే వారి సంగతి వేరు. అది కూడా కింద రాశాము. ఎందుకు ఇలా అంటున్నామో లెక్కలతో సహా చదివి, మీ ఇంటి పరిస్థితిని బట్టి మీరే నిర్ణయించుకోండి.

డీజిలు మోజు ఎక్కడ నుండి వచ్చింది?

మన దేశంలో రైతుల ట్రాక్టర్లు, లారీలు, బస్సులు డీజిలుతో నడుస్తాయి. అందుకే ప్రభుత్వం చాలా కాలం డీజిలు ధరను తక్కువగా ఉంచింది. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద నియంత్రణ ఎత్తివేశారు గాని డీజిలు జోలికి పోలేదు. దాంతో రెండింటి మధ్య అంతరం బాగా పెరిగింది. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటితే, డీజిలు 41 రూపాయల దగ్గరే ఉంది. లీటరుకు 30 రూపాయల పైన తేడా! పైగా డీజిలు బండి లీటరుకు ఎక్కువ దూరం పోతుంది. ఆ రోజుల్లో డీజిలు కారు కొన్నవారు తెలివైనవారు అనిపించుకున్నారు. దేశంలో అమ్ముడయ్యే కొత్త కార్లలో సగానికి పైగా డీజిలువే అయ్యాయి.

2014 అక్టోబరులో డీజిలు ధర మీద కూడా నియంత్రణ తీసేశారు. అప్పటి నుండి ఆ అంతరం తగ్గుతూ వచ్చింది. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గించిన తరువాత హైదరాబాదులో పెట్రోలు లీటరు 107 రూపాయల పైచిలుకు, డీజిలు 96కు కాస్త తక్కువ. అంటే తేడా దాదాపు 12 రూపాయలు. ముప్పై రూపాయల తేడా నాటి మాటలు నేటికీ మన పెద్దల నోట, బ్రోకర్ల నోట వినబడుతూనే ఉన్నాయి. కాలం మారినా లెక్క మారలేదనుకోవడం వల్ల చాలామంది అవసరం లేకపోయినా డీజిలు బండి తెచ్చుకుంటున్నారు.

కంపెనీలు మాత్రం ఈ మార్పును ముందే గుర్తించాయి. మారుతీ సుజుకీ 2020 ఏప్రిల్ నుండి డీజిలు కార్లు అమ్మడం పూర్తిగా మానేసింది. కొత్త కార్లలో డీజిలు వాటా ఐదో వంతుకు అటూ ఇటూగా పడిపోయింది. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ బజారులో కనబడే స్విఫ్ట్, డిజైర్ డీజిలు కార్లన్నీ 2020 ఏప్రిల్‌కు ముందు తయారైనవే.

ఖర్చు లెక్క వేసి చూద్దాము

ఇంటి నుండి పనికి పది కిలోమీటర్లు. రాకపోకలు కలిపి ఇరవై. నెలకు 25 రోజులు అనుకుంటే 500 కిలోమీటర్లు, సంవత్సరానికి 6,000. ఊళ్లో ఎ.సి. వేసుకుని, సిగ్నళ్ల దగ్గర ఆగుతూ పోయే పాత పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాము. ఏడాదికి 400 లీటర్లు, లీటరు 107 చొప్పున 42,800 రూపాయలు. అదే తరహా డీజిలు కారు 19 కిలోమీటర్లు ఇస్తే 316 లీటర్లు చాలు. లీటరు 96 చొప్పున సుమారు 30,300 రూపాయలు. తేడా ఏడాదికి పన్నెండున్నర వేలు, నెలకు వెయ్యి రూపాయలకు కొంచెం పైన.

వెయ్యి రూపాయలు తక్కువేమీ కాదని మాకు తెలుసు. బి.పి., షుగరు మందులకు నెలకు అంతే అయ్యే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అయితే ఆ వెయ్యి నిజంగా మన చేతిలో మిగులుతుందా అన్నది చూడాలి.

మొదటిది, కొనే ధర. ఒకే సంవత్సరం, ఒకే మోడలు తీసుకుంటే మంచి కండిషనులో ఉన్న డీజిలు బండికి సాధారణంగా ఎక్కువ అడుగుతారు. ఆ ఎక్కువ యాభై వేలు అనుకుంటే, నెలకు వెయ్యి చొప్పున అది తిరిగి రావడానికి నాలుగేళ్లు పడుతుంది. అప్పు చేసి కొంటే వడ్డీ అదనం. ఒకవేళ డీజిలు బండి పెట్రోలు దానికంటే చవకగా దొరికితే, ఎందుకు చవకగా ఇస్తున్నారో అడగాలి.

రెండవది, ఇన్సూరెన్సు. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజను సైజును బట్టి ఉంటుంది. 2022 జూన్ నుండి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సి.సి. లోపు కారుకు 2,094 రూపాయలు, 1000 నుండి 1500 సి.సి. వరకు 3,416 రూపాయలు. చిన్న పెట్రోలు కార్లు చాలా వరకు 1000 సి.సి. లోపే ఉంటాయి. డీజిలు కార్లు ఎక్కువగా 1200 పైనే.

మూడవది, రిపేర్లు. దీనికి కాస్త వివరంగా చెప్పాలి.

పాత డీజిలు బండిలో దాగి ఉండే ఖర్చులు

డీజిలు ఇంజను గట్టిది, లక్షల కిలోమీటర్లు నడుస్తుంది అంటారు. నిజమే. కాని ఇంజను గట్టిదైనా దాని చుట్టూ ఉండే సామాను ఖరీదైనది. ఇప్పటి డీజిలు కార్లలో ఇంధనాన్ని చాలా ఎక్కువ ఒత్తిడితో చిమ్మే ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, టర్బో ఉంటాయి. ఇవి కల్తీ డీజిలును, నీళ్లు కలిసిన డీజిలును తట్టుకోలేవు. ఒక్క ఇంజెక్టరు పోయినా వేల రూపాయలు. నాలుగూ మార్చవలసి వచ్చినా, టర్బో పోయినా మూడేళ్లపాటు బంకులో మిగిల్చినది ఒక్క రోజులో మెకానిక్ షెడ్డులో పోతుంది. మామూలు పెట్రోలు ఇంజనులో ఈ భయం చాలా తక్కువ.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బి.ఎస్.-6 ప్రమాణాలు వచ్చాయి. ఆ తరువాతి డీజిలు కార్ల సైలెన్సరు గొట్టంలో మసిని పట్టే ఒక ఫిల్టరు ఉంటుంది. దానిని డి.పి.ఎఫ్. అంటారు. మన ఇంట్లో వాటర్ ఫిల్టరు లాగే అది కూడా నిండుతుంది. అయితే దానిని విప్పి కడగనక్కరలేదు. బండి ఆగకుండా పది ఇరవై నిమిషాలు మంచి వేగంతో నడిస్తే ఫిల్టరులో వేడి సుమారు 600 డిగ్రీలకు చేరి, పట్టిన మసి కాలిపోతుంది. హైవే మీద నడిచే బండికి ఇది దానంతట అదే జరుగుతుంది.

మరి ఇంటి నుండి బడికి, బడి నుండి బజారుకు, అక్కడి నుండి ఇంటికి మూడేసి కిలోమీటర్లు తిరిగే బండి సంగతి? ఇంజను వేడెక్కేలోగానే ఆపేస్తాము. మసి కాలదు. ఫిల్టరు మూసుకుపోతుంది, హెచ్చరిక లైటు వెలుగుతుంది, బండి గుంజడం మానేస్తుంది. సగంలో ఆగిపోయిన ప్రయత్నాల వల్ల డీజిలు ఇంజను ఆయిల్‌లో కలిసి ఆయిల్ పలచబడుతుంది. ఫిల్టరు మార్చాలంటే ఖర్చు చాలా ఎక్కువ. అప్పుడు కొందరు "ఆ ఫిల్టరు తీసిపారేద్దాం, బండి గుర్రంలా పరుగెడుతుంది" అని సలహా ఇస్తారు. దయచేసి వినవద్దు. అది చట్ట విరుద్ధం. పైగా ఆ ఫిల్టరు ఆపుతున్న మసి అంతా ఆ రోజు నుండి మన వీధిలోకే వస్తుంది.

కాబట్టి తక్కువ దూరం తిరిగే వారికి పాత బి.ఎస్.-4 డీజిలు తీసుకుంటే పొగ ఎక్కువ, బి.ఎస్.-6 డీజిలు తీసుకుంటే ఫిల్టరు బాధ.

ఆ పొగలో ఏముంది?

2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిలు ఇంజను పొగను మొదటి వర్గంలో చేర్చింది. అంటే మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటి జాబితా. పొగాకు పొగ ఉన్నది కూడా ఆ జాబితాలోనే. ముఖ్యంగా ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆధారాలు బలంగా ఉన్నాయని తేల్చారు. పెట్రోలు ఇంజను పొగ అంతకంటే కింది వర్గంలో, క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో ఉంది. మొదటి వర్గంలో ఉన్నంత మాత్రాన అన్నీ సమానంగా ప్రమాదకరమని కాదు. ఎంత పీల్చాము, ఎంత కాలం పీల్చాము అన్నదే ముఖ్యం. రోజంతా పొగలో ఉండే ట్రాఫిక్ కానిస్టేబుళ్లు, మెకానిక్‌లు, ఆటో డ్రైవర్లకు ప్రమాదం ఎక్కువ.

క్యాన్సర్ మాట అలా ఉంచితే, రోజువారీ బాధ వేరే ఉంది. డీజిలు మసిలోని కణాలు చాలా సన్నవి. మన తల వెంట్రుక మందం 50 నుండి 70 మైక్రాన్లు ఉంటే, ఈ కణాలు రెండున్నర మైక్రాన్ల కంటే ఎంతో చిన్నవి. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తడి వీటిని ఆపలేవు. నేరుగా ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతాయి. అతి సన్నవి రక్తంలో కూడా కలుస్తాయి. అందుకే ఇవి దగ్గు ఆయాసాలతో ఆగవు. గుండెపోటు, పక్షవాతం ముప్పును కూడా పెంచుతాయి. దీనికి తోడు డీజిలు పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువ. ఇవి శ్వాసనాళాల లోపలి పొరను మండించి, ఉబ్బసం ఉన్నవారికి పిల్లికూతలు తెప్పిస్తాయి.

పిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్లు పెద్దల కంటే వేగంగా ఊపిరి పీలుస్తారు. వాళ్ల ముక్కు ఎత్తు సైలెన్సరుకు దగ్గరగా ఉంటుంది. వాళ్ల ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూ ఉంటాయి. చిన్నప్పుడు జరిగిన నష్టం పెద్దయ్యాక పూర్తిగా పూడదు.

ఇక పాత బండికీ కొత్త బండికీ తేడా ఎంతో చూడండి. డీజిలు కారు కిలోమీటరుకు వదలగల మసికి బి.ఎస్.-3లో పరిమితి 50 మిల్లీగ్రాములు, బి.ఎస్.-4లో 25, బి.ఎస్.-6లో 4.5. మనం పైన వేసుకున్న 6,000 కిలోమీటర్ల లెక్కతో గుణిస్తే, పరిమితి మేరకు వదిలినా బి.ఎస్.-3 బండి ఏడాదికి 300 గ్రాములు, బి.ఎస్.-4 బండి 150 గ్రాములు, బి.ఎస్.-6 బండి 27 గ్రాములు. పావు కిలో మసి కళ్ల ముందు పోస్తే ఎంత కుప్ప అవుతుందో ఊహించుకోండి. మామూలు పెట్రోలు ఇంజను నుండి మసి చాలా తక్కువ గనుక బి.ఎస్.-4లో దానికి మసి పరిమితి పెట్టనే లేదు.

పైగా ఇవి పరీక్షశాలలో కొలిచే పరిమితులు. రోడ్డు మీద సంగతి వేరుగా ఉండవచ్చని 2015లో ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారంలో ప్రపంచం చూసింది. పరీక్ష జరుగుతున్నదని గుర్తుపట్టి అప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను ఆ కంపెనీ ప్రపంచవ్యాప్తంగా కోటికి పైగా డీజిలు కార్లలో పెట్టినట్టు బయటపడింది. కొత్త బండ్ల సంగతే అలా ఉంటే, పదేళ్లు నలిగి, సర్వీసు సరిగా లేక, ఇంజెక్టర్లు అరిగిన బండి ఎంత పొగ వదులుతుందో చెప్పనక్కరలేదు.

"లారీలు, బస్సులు ఉండగా ఒక్క మా కారుతో ఏమవుతుంది?"

ఈ మాట న్యాయమైనదే. ఊరి గాలిని పాడుచేసేది మన ఒక్క కారు కాదు. లారీలు, జనరేటర్లు, చెత్త మంటలు, రోడ్డు దుమ్ము అన్నీ కలిసి చేస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సన్నని ధూళి కణాలకు పెట్టిన వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. మన దేశం 2009లో పెట్టుకున్న పరిమితి 40. ఆ 40 కూడా దాటే పట్టణాలు మనకు ఉన్నాయి.

కాని పొగ ఊరంతా సమానంగా పంచుకోబడదు. ఎంత దగ్గరైతే అంత ఎక్కువ. మన ఇళ్లలో కారు ఎక్కడ పెడతాము? పోర్టికోలో. పోర్టికోకు ఆనుకుని ఏముంటుంది? ముందు గది కిటికీ. అందులో పడుకునేది ఎక్కువగా తాతగారో, మనవడో. పొద్దున్నే బండి స్టార్టు చేసి, "ఇంజను వేడెక్కాలి" అని ఐదు నిమిషాలు అలాగే వదిలేస్తాము. చల్లటి ఇంజను వదిలే పొగే అన్నిటికంటే చెడ్డది. హైవే మీద లారీ వదిలిన పొగ గాలికి చెదిరిపోతుంది. పోర్టికోలో మన కారు పొగ మాత్రం నేరుగా మన ఇంట్లోకే వస్తుంది. బిడ్డకు నెబులైజరు పెట్టించడానికి అర్ధరాత్రి పరుగెత్తే తల్లిదండ్రులు మందులు మార్చమని అడుగుతారు గాని, కిటికీ కింద ఏముందో చూసుకోరు.

పక్కింటి వారి సంగతి కూడా ఆలోచించాలి. బంకులో వెయ్యి రూపాయలు మిగిలేది మనకు. ఆ పొగ పీల్చేది మన గోడ అవతల ఉన్న ముసలావిడ, బడి గేటు దగ్గర నిలబడిన పిల్లలు, ఆదివారం ఆరాధన ముగిశాక ఆవరణలో ఆడుకునే చిన్నవాళ్లు. మన పొదుపుకు ధర ఇంకొకరు చెల్లించడం సరైనది కాదని మా నమ్మకం.

డీజిలు ఎవరికి తగును?

డీజిలును మేము నిషేధించమనడం లేదు. మా ఆసుపత్రి అంబులెన్సు, జనరేటరు డీజిలుతోనే నడుస్తాయి. అవసరం ఉన్నచోట దానికి సాటి లేదు. బరువు లాగడంలో, ఘాటు రోడ్లు ఎక్కడంలో, దూర ప్రయాణంలో డీజిలు ఇంజను గట్టిది.

రోజూ హైవే మీద అరవై కిలోమీటర్లు పోయి వచ్చే వారి లెక్క చూడండి. నెలకు 1,500, ఏడాదికి 18,000 కిలోమీటర్లు. హైవేలో పెట్రోలు కారు లీటరుకు 17, డీజిలు కారు 22 ఇస్తాయనుకుంటే ఏడాదికి తేడా దాదాపు 35 వేల రూపాయలు. ఇది పెద్ద మొత్తమే. రోజూ ఆగకుండా నడుస్తుంది గనుక ఫిల్టరు కూడా దానంతట అదే శుభ్రపడుతుంది. అలాంటి వారు బి.ఎస్.-6 డీజిలు, సర్వీసు రికార్డు పూర్తిగా ఉన్నది తీసుకోవచ్చు. 2020కి ముందుది మాత్రం వద్దు. సి.ఎన్.జి. బంకులు దారిలో ఉంటే, కంపెనీ బిగించిన సి.ఎన్.జి. కారు కూడా చూడండి. మసి చాలా తక్కువ, ఖర్చూ తక్కువ. ఒకే దారిలో పోయే నలుగురు ఉపాధ్యాయులు ఒక కారులో పోతే ఏ ఇంధనమైనా ఖర్చు నాలుగో వంతే.

పెట్రోలు కారు కొన్నా జాగ్రత్తలు అవసరం

పెట్రోలు పొగ మంచి గాలి కాదు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మూసిన షెడ్డులో ఇంజను నడుస్తుండగా అందులో కూర్చోవద్దు. బండి ఆపి, అద్దాలు మూసి, ఎ.సి. వేసుకుని నిద్రపోవడం ప్రాణాంతకం కావచ్చు. తలనొప్పి, వాంతి, మగత కలిగితే వెంటనే బయట గాలిలోకి రావాలి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేరాలి.

నోటితో పైపు పెట్టి పెట్రోలు లాగడం మానుకోవాలి. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా న్యుమోనియా వస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించవద్దు. చేతుల గ్రీజు పెట్రోలుతో కడుక్కోవద్దు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2025లో పెట్రోలును కూడా మొదటి వర్గంలో చేర్చింది.

మరొక సంగతి. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు వ్యాపించింది. పాత నాలుగు చక్రాల బండ్లలో దీనివల్ల మైలేజి 6 నుండి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే చెప్పింది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కారు కొంటే రబ్బరు పైపులు, వాషర్లు మెకానిక్‌కు చూపించండి. కారులో పెట్రోలు వాసన వస్తే ఉపేక్షించవద్దు.

కొనే ముందు చూసుకోవలసినవి

1. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో ఒక నెల పాటు రాసుకోండి. ఊహ మీద కొనవద్దు. మీ ఊరి బంకు ధరతో పై లెక్క మళ్లీ వేయండి.

2. పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఏ బి.ఎస్. ప్రమాణమో చూడండి. హైదరాబాదులో బి.ఎస్.-4 2010లో వచ్చినా, దేశమంతటా వచ్చింది 2017 ఏప్రిల్‌లోనే. జిల్లాల్లో 2015, 2016లో రిజిస్టరైన డీజిలు కారు బి.ఎస్.-3 కావచ్చు.

3. ఢిల్లీ బండ్ల విషయంలో జాగ్రత్త. అక్కడ పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. 2025లో కొంత సడలింపు వచ్చింది. ఆ ఆదేశాల వల్ల అక్కడి పాత డీజిలు కార్లు చవకగా మన వైపు వచ్చాయి. ఎన్.ఓ.సి., ఇక్కడ కట్టవలసిన లైఫ్ టాక్స్ కలిపి చూస్తే ఆ చవక చాలా వరకు కరిగిపోతుంది.

4. డీజిలు కార్లలో టాక్సీగా తిరిగినవి ఎక్కువ. పసుపు బోర్డు నుండి తెల్ల బోర్డుకు మార్చారేమో పాత రికార్డు చూడండి. మీటరు వెనక్కి తిప్పే వారున్నారు. సర్వీసు పుస్తకం, పెడళ్ల అరుగుదల, సీటు అరుగుదల చూస్తే కొంత తెలుస్తుంది.

5. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించి పొగ చూడండి. నల్లటి పొగ అంటే ఇంధనం సరిగా మండడం లేదు. నీలి పొగ అంటే ఇంజను ఆయిల్ కాలుతున్నది. తెల్లటి పొగ ఆగకుండా వస్తే నీళ్లు లోపలికి పోతుండవచ్చు. అమ్మేవారు ముందే ఇంజను వేడి చేసి ఉంచితే మరో రోజు పొద్దున్నే రండి.

6. పొల్యూషన్ సర్టిఫికెట్ బండిని నిజంగా పరీక్ష చేయించి తీసుకోండి. చీటీ కోసం కాదు, పొగ ఎంతో తెలుసుకోవడం కోసం.

7. పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్, రీ-రిజిస్ట్రేషన్, గ్రీన్ టాక్స్ ఉంటాయి. బండికి ఇంకా ఎన్నేళ్లు మిగిలి ఉన్నాయో ధరలో లెక్కించండి.

ఇప్పటికే పాత డీజిలు కారు ఇంట్లో ఉన్నవారు ఈ వ్యాసం చదివి దిగులు పడనక్కరలేదు. రేపే అమ్మివేయమని మేము చెప్పము. ఎయిర్ ఫిల్టరు, డీజిలు ఫిల్టరు వేళకు మార్పించండి. బండిని పోర్టికోలో కిటికీకి దూరంగా, వీలైతే గేటు బయట స్టార్టు చేయండి. స్టార్టు కాగానే నెమ్మదిగా నడపడం మొదలు పెట్టండి, నిలబెట్టి వేడి చేయవద్దు. బడి దగ్గర, ఆసుపత్రి దగ్గర, మందిరం దగ్గర ఎవరి కోసమైనా ఆగితే ఇంజను ఆపండి. ఈ నాలుగు పనులకూ ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేదు, ఒక్క ఫిల్టర్లకు తప్ప.

ఉబ్బసం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు మా మనవి. తరువాత చెకప్‌కు వచ్చినప్పుడు బిడ్డ ఎక్కడ పడుకుంటుందో, కారు ఎక్కడ పెడతారో డాక్టరుగారికి చెప్పండి. మందు ఎంత ముఖ్యమో ఆ సమాచారం కూడా అంతే ముఖ్యం.